ఒక్క పేజీ... ఓ మరయోధుడి ప్రాణం!

అతడు హీరో కాదు. పెద్ద విలనూ కాదు. వచ్చి, నాలుగు దెబ్బలు కొట్టి, నాలుగు తిని మాయమైపోవాల్సిన చిన్న వేషం. అలాంటి వాడు మూడు కథాలోకాలు చుట్టేశాడు. ఒకచోట మహాకాయుడు, మరోచోట మనిషంత. ఒకచోట చచ్చాడు, ఇంకోచోట బతికిపోయాడు. ఇంత ప్రయాణం చేయించింది మంత్రమూ కాదు, విజ్ఞానశాస్త్రమూ కాదు... ఆ పాత్ర ఎవరి ఆస్తి అన్న ప్రశ్న!

కారు కాస్తా మరమనిషిగా, మరమనిషి కాస్తా కారుగా మారిపోయే బొమ్మ. పిల్లలున్న ఇంట్లో దాన్ని చూడనివాళ్లు తక్కువే. 2007లో వచ్చిన 'ట్రాన్స్‌ఫార్మర్స్' సినిమాతో ఆప్టిమస్ ప్రైమ్, బంబుల్‌బీ లాంటి పేర్లు పెద్దవాళ్లకూ పరిచయమయ్యాయి. మరి డెత్స్ హెడ్ పేరు ఎప్పుడైనా విన్నారా? వినకపోతే తప్పేం లేదు. అతడికి సినిమా లేదు. బ్రిటన్‌లో 1980ల్లో వారం వారం కామిక్ కొనుక్కుని చదివిన పిల్లలకు మాత్రం అతడు బాగా గుర్తు.

డెత్స్ హెడ్ అంటే పుర్రె. పేరుకు తగ్గట్టే పుర్రె లాంటి లోహపు ముఖం, దాన్నుంచి పొడుచుకొచ్చిన దంతాలు, కొమ్ములు, వెనక ఓ అంగవస్త్రం. ఒక చెయ్యి ఊడదీసి, ఆ చోట గొడ్డలో, ముళ్లగదో, తుపాకీయో బిగించుకుంటాడు. డబ్బిస్తే ఎవరినైనా వేటాడతాడు. అయితే 'వేటగాడు' అంటే మాత్రం ఒప్పుకోడు. తాను స్వతంత్రంగా పనిచేసే శాంతిపరిరక్షకుణ్నని హుందాగా చెప్పుకుంటాడు! అతడికి ఎవరిమీదా పగ లేదు, చంపడం సరదా కూడా కాదు. బేరం కుదిరిందా, పని అయిందా, సొమ్ము చేతికొచ్చిందా... అంతే. మాట్లాడే ప్రతి వాక్యం చివరా 'అవునా?' అని తగిలించడం ఒక అలవాటు. భయపెట్టే రూపం, బజారులో బేరమాడే మనిషి తీరు... ఈ రెండూ కలవడంతోనే పిల్లలకు తెగ నచ్చేశాడు.

బొమ్మ ముందు... కథ తరవాత!

ఇంతకీ ఇతగాడు ఎక్కడ పుట్టాడు? అది తెలియాలంటే ముందు బొమ్మల కథ తెలియాలి. రూపం మార్చుకునే ఈ మరమనుషులు మొదట జపాన్‌కు చెందిన టకారా కంపెనీ బొమ్మలు. డయాక్లోన్, మైక్రోమాన్ అనే పేర్లతో అమ్మేవారు. అమెరికాకు చెందిన హాస్‌బ్రో కంపెనీ వాటిని తెచ్చి 1984లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' పేరుతో మార్కెట్లోకి దింపింది. ఉత్త బొమ్మలైతే అమ్ముడుపోవు కదా, వాటికో కథ కావాలి. ఆ పని మార్వెల్ కామిక్స్‌కు అప్పగించారు. మార్వెల్ ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ కథకు పునాది వేశాడు. ఆప్టిమస్ ప్రైమ్ అన్న పేరు డెనిస్ ఓనీల్ పెట్టాడు. మెగాట్రాన్‌తో సహా మిగిలిన వాటిలో చాలా పేర్లు, ఒక్కొక్కరి స్వభావాలు బాబ్ బుడియాన్‌స్కీ రాశాడు.

అంటే ముందు బొమ్మ, తరవాత పేరు, ఆ తరవాత కథ. బొమ్మ హాస్‌బ్రోది కాబట్టి కథా హాస్‌బ్రోదే. రాసేది మార్వెల్ అయినా యజమాని వేరే. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. మన పుర్రె తలవాడి జాతకమంతా ఇందులోనే ఉంది.

అక్కడ నెలకోటి... ఇక్కడ వారానికోటి

అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్స్ కామిక్ కొద్దిరోజుల్లోనే మాసపత్రిక అయింది. బ్రిటన్‌లో 1984లో పక్షపత్రికగా మొదలై తరవాత వారపత్రికగా మారింది. అమెరికా సంచికలో ఉండే 22 పేజీల కథను బ్రిటన్‌లో రెండు ముక్కలు చేసి, వారానికి 11 పేజీల చొప్పున వేసేవారు. లెక్క చూడండి. అమెరికావాళ్లు నెలకు పంపే కథ బ్రిటన్‌లో రెండు వారాల్లో అయిపోతుంది. మరి మిగిలిన రెండు వారాలు? పిల్లలు ఊరుకుంటారా!

అందుకే బ్రిటన్ శాఖవాళ్లు సొంత కథలు రాయించడం మొదలుపెట్టారు. ఆ పనిలో కుదురుకున్న యువ రచయిత సైమన్ ఫర్మన్. అమెరికా కథ వర్తమానంలో నడుస్తుంది. దానికి అడ్డుపడకూడదు. అందుకని ఫర్మన్ భవిష్యత్తులోకి వెళ్లాడు. 1986 నాటి యానిమేషన్ సినిమాలో వచ్చిన గాల్వట్రాన్, రోడిమస్ ప్రైమ్ లాంటి పాత్రలను తీసుకుని కాలంలో ముందుకీ వెనక్కీ తిప్పుతూ కథలు అల్లాడు.

అలాంటి కథల్లో ఒకటి 1987 మే నెలలో, బ్రిటిష్ పత్రిక 113వ సంచికలో మొదలైంది. భవిష్యత్తు నుంచి పారిపోయిన గాల్వట్రాన్ తలకు రోడిమస్ ప్రైమ్ వెల కట్టాడు. ఆ సొమ్ము కోసం వచ్చినవాడే డెత్స్ హెడ్. ఫర్మన్ దృష్టిలో అతడు ఈ ఒక్క కథకు పనికొచ్చే పాత్ర. అంతకు మించి ఏ ఆలోచనా లేదు. కానీ చిత్రకారుడు జెఫ్ సీనియర్ గీసిన బొమ్మ చూశాక అభిప్రాయం మారిపోయింది. ఆ కొమ్ములు, ఆ అంగవస్త్రం, ఆ ఠీవి... వీణ్ని ఒక్క కథతో వదిలేస్తామా!

ఒకే చావు... రెండు కథలు

ఇక్కడ ఓ తమాషా చెప్పుకోవాలి. అందరికీ ఇష్టమైన బంబుల్‌బీ ఆ రోజుల్లో చనిపోయి, గోల్డ్‌బగ్ అన్న కొత్త పేరుతో, కొత్త రూపంతో తిరిగొచ్చాడు. అతణ్ని ఎవరు చంపారు? అమెరికా పిల్లలను అడిగితే 'జి.ఐ. జో' సైనికులు అంటారు. ఆ రెండు బొమ్మల జట్లనూ కలిపి 1987లో తెచ్చిన కామిక్‌లో అలాగే ఉంది. బ్రిటన్ పిల్లలను అడిగితే డెత్స్ హెడ్ అంటారు. వాళ్ల కథలో బంబుల్‌బీని పేల్చేసింది ఇతడే. రెండూ అచ్చులో వచ్చిన కథలే, రెండూ అధికారికమే!

ఒకే పాత్రకు ఇలా వేర్వేరు కథావరసలు ఉండటాన్ని కామిక్ అభిమానులు 'కంటిన్యుటీ' అనే మాటతో చెబుతారు. మనకూ ఇది తెలియని సంగతి కాదు. వాల్మీకి రామాయణంలో ఊర్మిళ ప్రస్తావన చాలా తక్కువ. మన తెలుగు స్త్రీల పాటల్లోకి వచ్చేసరికి ఆ తల్లి పద్నాలుగేళ్లు నిద్రపోయింది. భర్త తిరిగొచ్చి లేపితే గుర్తుపట్టక గదమాయించింది కూడా. చిన్న పాత్ర ఊరు మారితే పెద్దదవుతుంది. ఎందుకంటే అక్కడ వినేవాళ్లు వేరు, వాళ్లకు కావాల్సినవి వేరు.

డెత్స్ హెడ్‌కూ అలా ఊరు మారాలని ఉంది. కానీ ఊర్మిళకు లేని చిక్కు ఇతడికి వచ్చిపడింది. ట్రాన్స్‌ఫార్మర్స్ కథలో పుట్టిన పాత్ర ట్రాన్స్‌ఫార్మర్స్ యజమానిదే అయిపోతుంది. అంటే మార్వెల్ ఉద్యోగులు సృష్టించినా, మార్వెల్ పత్రికలో అచ్చయినా, చివరికి అతడు హాస్‌బ్రో ఆస్తి. ఆ గడప దాటి ఒక్క అడుగు బయటికి వేయలేడు.

జనన ధ్రువీకరణ పత్రం

ఇలాంటి చిక్కు మార్వెల్‌కు అంతకుముందే ఎదురైంది. అమెరికా ట్రాన్స్‌ఫార్మర్స్ కామిక్‌లో సర్క్యూట్ బ్రేకర్ అనే పాత్ర ఉంది. మరమనుషుల దాడిలో అవిటిదై, ఒంటికి విద్యుత్ తీగలు అల్లుకుని వాళ్లమీద పగబట్టిన ఆడమనిషి. ఆమె తమ చెయ్యి దాటిపోకూడదని, 1985లో ముందుగా తమ సొంత కామిక్ 'సీక్రెట్ వార్స్ 2' మూడో సంచికలో కాసేపు చూపించారు. ఆ తరవాతే ట్రాన్స్‌ఫార్మర్స్‌లోకి పంపారు. బిడ్డ మా ఇంట్లోనే పుట్టింది, వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్లింది అని చెప్పుకోవడానికన్నమాట!

డెత్స్ హెడ్‌కూ అదే ఉపాయం వేశారు. 'హై నూన్ టెక్స్' పేరుతో ఒకే ఒక్క పేజీ కథ తయారైంది. రాసింది ఫర్మన్. గీసింది అప్పుడే రంగంలోకి వచ్చిన కుర్రాడు బ్రయాన్ హిచ్. తరవాతి కాలంలో హిచ్ పెద్ద పేరున్న కామిక్ చిత్రకారుడయ్యాడు. ఆ పేజీలో ట్రాన్స్‌ఫార్మర్స్ ఊసు లేదు. డెత్స్ హెడ్ ఒక్కడే. దాన్ని మార్వెల్ బ్రిటన్ పత్రికల్లో వేశారు.

దీంట్లో మరో మెలిక ఉంది. ఈ పేజీ ట్రాన్స్‌ఫార్మర్స్‌లో అతడు కనిపించడానికి ముందే, అంటే 1987 మేకు ముందే అచ్చయిందని చాలాకాలం చెప్పుకున్నారు. పాత సంచికలు తిరగేసిన అభిమానులకు మాత్రం అది 1988 నాటి పత్రికల్లోనే కనిపించింది. అంటే బిడ్డ పుట్టిన ఏడాదికి జనన పత్రం తెచ్చుకున్నట్టు! ఏదైతేనేం, డెత్స్ హెడ్ మార్వెల్ బిడ్డగా నిలబడిపోయాడు. ఒప్పందం లేకుండా అడుగు తీసి అడుగు వేయని వేటగాడి బతుకు, ఒప్పందం పుణ్యమాని దొరికిన సందుతోనే గట్టెక్కింది.

కుదించారు... దించారు!

చట్టం అడ్డు తొలగింది. ఇక కథలో అడ్డు. అతడు ట్రాన్స్‌ఫార్మర్లకు దీటైన భారీ విగ్రహం. ఒక్కడే హీరోగా కథ నడపాలంటే మనుషుల మధ్య తిరగాలి కదా. అంత మనిషి ఏ గదిలో పడతాడు, ఏ కుర్చీలో కూర్చుంటాడు?

దీనికి దారి చూపింది మరో లోకం. బీబీసీ టీవీలో ప్రసిద్ధమైన 'డాక్టర్ హూ' కథల మీద వచ్చే పత్రికనూ అప్పట్లో మార్వెల్ బ్రిటన్ శాఖే ప్రచురించేది. అందులో, 1988లో వచ్చిన 135వ సంచికలో, కాలప్రవాహంలో కొట్టుకుపోతున్న డెత్స్ హెడ్ నేరుగా డాక్టర్‌కు ఎదురయ్యాడు. డాక్టర్‌కు మాస్టర్ అని ఓ పాత శత్రువు. మనుషులను బొమ్మలంత చేసే ఆయుధం అతడిది. డాక్టర్ ఆ ఆయుధాన్నే డెత్స్ హెడ్‌పై ప్రయోగించాడు. అంతే, మహాకాయుడు కాస్తా మనిషంత అయిపోయాడు. పైగా క్రీ.శ. 8162 నాటి భూమ్మీద తెచ్చి దింపారు. ఆ ఏడాది ఊరికే ఎంచుకున్నది కాదు. ఫర్మన్, సీనియర్ కలిసి అప్పటికే నడుపుతున్న 'డ్రాగన్స్ క్లాస్' అనే కామిక్ జరిగేది ఆ కాలంలోనే. దాని అయిదో సంచికలో డెత్స్ హెడ్ ప్రత్యక్షమయ్యాడు. 1988 డిసెంబరుకల్లా అతడి పేరుతోనే సొంత పత్రిక వచ్చేసింది.

ఒక కంపెనీ బొమ్మల కథలో పుట్టి, ఇంకో సంస్థ టీవీ కథలో పొట్టివాడై, మూడో ఇంట్లో సొంత గది సంపాదించుకున్నాడు. ఏడాదిన్నరలో జరిగిందిదంతా. సొంత పత్రికలో అతడికి స్ప్రాట్ అనే సహాయకుడు దొరికాడు. జమాఖర్చులు, బేరసారాలు, మధ్యమధ్య యుద్ధాలు! పది సంచికలు వచ్చాయి. తొమ్మిదో సంచిక నాటికి 'ఫెంటాస్టిక్ ఫోర్' వీరుల ఇంటికి చేరాడు. పదో దాంట్లో 2020 నాటి ఐరన్‌మ్యాన్‌ను ఢీకొన్నాడు. 1989 సెప్టెంబరుతో పత్రిక ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాది అమెరికా 'ఫెంటాస్టిక్ ఫోర్' 338వ సంచికలో వాల్టర్ సైమన్‌సన్ అతణ్ని మళ్లీ పిలిచాడు. చిన్న వేషం సముద్రం దాటింది.

ఈ శరీరం ఎవరిది?

1990లోనే ఫర్మన్, సీనియర్ అతడి పుట్టుక రహస్యాన్ని 'ది బాడీ ఇన్ క్వశ్చన్' అనే కథలో చెప్పారు. లూపెక్స్ అనే మాంత్రికుడు తాను దూరి బతకడానికి ఓ లోహశరీరాన్ని తయారుచేస్తాడు. అతడి భార్య పైరా దాన్ని ఎత్తుకెళుతుంది. ఆ ఒంట్లో సొంత మనసున్న ఒకడు లేచి కూర్చున్నాడన్న సంగతి ఇద్దరికీ పట్టదు. ఒకరు నాదంటారు, ఒకరు నాకు కావాలంటారు. తన ఒళ్లు తనదేనని తేల్చుకోవడానికి డెత్స్ హెడ్ పోరాడతాడు. ఆ కథ రాసినవాళ్లకు అతడు ఎవరి ఆస్తి అన్న గొడవంతా తెలుసు మరి!

1992లో గాలి మారింది. ఎవలిన్ నెకర్ అనే శాస్త్రవేత్త సృష్టించిన మినియన్ అనే సైబోర్గ్ మన వేటగాణ్ని చంపేసి, అతడి మనసును తనలో కలిపేసుకుంటుంది. తీరా చూస్తే కలిసిన మనసే పైచేయి సాధిస్తుంది. అలా పుట్టినవాడు 'డెత్స్ హెడ్ 2'. రాసింది డాన్ ఆబ్నెట్, గీసింది లియమ్ షార్ప్. కండలు తిరిగిన ఒళ్లు, కొత్త ముఖం, కొత్త దూకుడు. పత్రిక బాగా అమ్ముడుపోయింది. పాత బేరగాడి మీద మనసుపడ్డ పాఠకులు మాత్రం నొచ్చుకున్నారు. 1993లో ఫర్మన్, సీనియర్‌లకు మళ్లీ అవకాశం వచ్చింది. జరిగింది జరగకపోతే ఏమయ్యేదో చెప్పే 'వాట్ ఇఫ్' పత్రిక 54వ సంచికలో, మినియన్ అతణ్ని చంపకపోయి ఉంటే అన్న కథ వేశారు. సొంతవాళ్లకు కూడా తమ పాత్రను బతికించుకోవడానికి 'ఒకవేళ' అనే మాట చాటు కావాల్సి వచ్చింది!

ఆ తరవాత కూడా అతడు అప్పుడప్పుడూ తిరిగొస్తూనే ఉన్నాడు. 2005లో 'అమేజింగ్ ఫాంటసీ' పత్రికలో ఫర్మనే 3.0 పేరుతో కొత్త రూపాన్ని రాశాడు. 2009లో మొదలైన 'ఎస్.డబ్ల్యు.ఒ.ఆర్.డి.' కామిక్‌లో రచయిత కీరన్ గిలెన్ అతణ్ని పాతకాలపు భారీ ఆకారంలోనే చూపించాడు. బ్రిటన్‌లో చిన్నప్పుడు ఆ పత్రికలు చదివిన తరం కలం పట్టేసరికి చిన్ననాటి నేస్తానికి మళ్లీ పిలుపొచ్చింది. 2019లో టీనీ హొవార్డ్ రాసిన నాలుగు సంచికల డెత్స్ హెడ్ కథకు బొమ్మలు గీసింది కై జామా. అంతకుముందు ఆమె పేరు తెచ్చుకున్నది ఎక్కడో తెలుసా? ట్రాన్స్‌ఫార్మర్స్ కామిక్స్‌లోనే! పుట్టింటి చెయ్యి మళ్లీ అతడి ముఖం దిద్దింది.

చివరికి మిగిలేది...

ఇన్ని లోకాలు తిరిగిన డెత్స్ హెడ్ ఇప్పుడు ఎవరి సొత్తు? మార్వెల్‌ది. 2009లో మార్వెల్‌ను డిస్నీ కొనేసింది కాబట్టి, ఆ లెక్కన డిస్నీది. ఫర్మన్‌ది కాదు, సీనియర్‌ది కాదు. ఆ ఒక్క పేజీ పాత్రను ఒక యజమాని నుంచి తప్పించి ఇంకో యజమానికి అప్పగించింది తప్ప, సృష్టికర్తల చేతిలో పెట్టలేదు. పనికి డబ్బిచ్చి హక్కులు తామే ఉంచుకోవడం పెద్ద కామిక్ కంపెనీల్లో మామూలే.

అయితే ఆ పేజీయే లేకపోతే? ట్రాన్స్‌ఫార్మర్స్ పాత సంచికల మధ్య, బంబుల్‌బీని పేల్చిన ఎవరో ఒకడుగా మిగిలిపోయేవాడు. పదిమంది చేతుల్లో పది రకాలుగా బతికే భాగ్యం దక్కేది కాదు. కథలో పాత్ర ఎంత బాగున్నా చాలదు, గడప దాటనిచ్చే కాగితం కూడా ఉండాలన్నమాట.

మన అమ్మమ్మలు ఊర్మిళను నిద్రపుచ్చినప్పుడు ఎవరి సంతకమూ అడగలేదు. పాడాలనిపించింది, పాడారు. వినాలనిపించింది, విన్నారు. ఈసారి మీ పిల్లలు ఈ కంపెనీ మరమనిషినీ ఆ కంపెనీ వీరుణ్నీ ఒకే చాపమీద పెట్టి యుద్ధం చేయిస్తుంటే కాస్త ఆగి చూడండి. ఆ చాపమీద ఏ ఒప్పందమూ చెల్లదు. అక్కడ అందరూ అందరి ఇళ్లకూ వెళ్లొచ్చు!